అచ్చం నాన్నే

ఇంక ఆపమనరా మీ నాయనమ్మని! పొద్దుట్నుంచీ ఒకటే పాట. "ముక్కు మా సుబ్బారావుదే, చెవులు మా సుబ్బారావువే." వచ్చినోళ్లందరికీ నిన్నెత్తి చూపించటం, అచ్చుగుద్దినట్టు తండ్రేనని అనిపించుకోవటం. బారసాల భోజనం తిన్నాక ఆ మాత్రం అనరా మరి?

ఏంట్రా, ఉయ్యాల్లో పడుకుని నన్నే చూస్తావ్? నిజమే, అచ్చం నాన్నవే. వాళ్లకి తెలిసిన దానికన్నా ఎక్కువే!

తొమ్మిదేళ్లు మీ అమ్మతో తడిబట్టల్తో ప్రదక్షిణలు చేయించారు. పసరుమందులు తాగించారు. నాకు పరీక్షా? అబ్బే, మీసమున్నోడికి పరీక్షేంటి! చివరికి డాక్టరమ్మ గట్టిగా పట్టుబడితే రక్తమిచ్చా. వై క్రోమోజోమంట, తండ్రి నుంచి కొడుక్కే వస్తదంట. అందులో చిన్న ముక్క లేదంట నాకు. అందుకే వీర్యకణాలు వెతికినా దొరకటం కష్టమంట. దొరికినదాన్ని సూదితో అండంలోకి ఎక్కిస్తే బిడ్డ పుట్టొచ్చు, కానీ...

ఆ 'కానీ' దగ్గర ఆవిడ కళ్లజోడు తీసింది. "ఆడపిల్లయితే ఈ బాధ లేదండీ. మగపిల్లాడైతే ఇదే లోపం వస్తుంది. పెద్దయ్యాక అతనికీ మీలాగే పిల్లలు కలగటం కష్టం. మీ ఆవిడకి కూడా చెప్పి, ఈ ఒప్పుకోలు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి తీసుకురండి" అంది.

ఆడపిల్ల పుట్టాలని దుర్గమ్మకి మొక్కుకున్న మగాణ్ణి ఈ కృష్ణా జిల్లాలో నేనొక్కణ్ణేనేమో! అమ్మవారు కూడా నవ్వుకునుంటది.

ఆటోనగర్‌లో అడుగు నా గురించి. పాత గేర్‌బాక్సు అమ్మితే ఏ పన్ను అరిగిందో చూపించి మరీ అమ్ముతా. నీకు మాత్రం చెప్పకుండా అంటగట్టేశా. ఎంత నిజాయితీపరుణ్ణో చూడు!

ఇది ప్రాణం తీసే రోగమేం కాదులే. నీ పెళ్లికి ముందు చెప్తా. నీ పెళ్లాన్ని మాత్రం ఏ గుడి చుట్టూ తిప్పనివ్వను.

ఏడవకురా! మీ అమ్మ పరిగెత్తుకొస్తది.

తనకా? తెలీదు. కాగితం ఇంటికి తెచ్చి గంటసేపు ముందు పెట్టుకుని కూర్చున్నా. చెప్తే వద్దంటుందేమోనని భయమేసింది. అంతకన్నా, లోపం నాదని తెలిసిపోతుందని ఇంకా భయమేసింది. తన సంతకం కూడా నేనే పెట్టేశా.

సూదులన్నీ తనకే పొడిచారుగా, లోపం తనదేననుకుంటోందిరా ఇప్పటికీ. ఇందాక పీటల మీంచి లేస్తూ, "నేను గొడ్రాలినైనా మీరు నన్నొదిలెయ్యలేదు" అని ఏడ్చి, అందరి ముందూ నా కాళ్లకి దణ్ణం పెట్టింది.

పెట్టించుకున్నా.