ముక్కున్న అల్లుడు

పెరటి గుమ్మం దగ్గర ఒక అమ్మాయి, ఆమెను పెళ్ళాడతానని వచ్చిన లిఫ్టు మెకానిక్కు. అమ్మాయి తండ్రి నిమ్మజాతి చెట్ల మధ్య ఎక్కడో కత్తెర వెతుక్కుంటున్నాడు. ఆయనకు కూతురు ఎంతో చెట్లూ అంతే. రెంటి మీదా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడు.

"తుమ్మకు!"

"కావాలని తుమ్ముతున్నానా? ఆదివారం నుంచి ముక్కు దిబ్బడేసింది. గులాబీ అయినా గ్రీజయినా నాకొకటే."

"చంపావు పో! ఆకు నలిపి వాసన చూసి చెట్టు పేరు చెప్పినవాడికే పిల్లనిస్తానని నాన్న భీష్మించుకు కూర్చున్నాడు. మొన్న వచ్చినాయన బత్తాయాకుని నిమ్మాకన్నాడని మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపేశాడు."

"లిఫ్టులు బాగుచేసుకునేవాణ్ణి, నాకు చెట్లంటే ప్రాణమని ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"అందుకేగా రోజూ పార్కులో కూర్చోబెట్టి పాఠాలు చెప్పాను! అన్నట్టు, మనం ఇంతవరకూ కలవలేదు. ఫొటోలు చూసుకున్నాం, అంతే. గుర్తుందా?"

"గుర్తుంది. నీ గొంతేమిటి, బొంగురుపోయింది?"

"భయంతో. ష్! వస్తున్నాడు."

"ఏమ్మా, అబ్బాయి వచ్చాడా? రావయ్యా. కూర్చోడాలూ అవీ తర్వాత. ఇదిగో, ఈ చెట్టు మొదట్లో కొమ్మ చూడు. ఏం చెయ్యాలి దీన్ని?"

"కత్తిరించెయ్యాలి మావయ్యగారూ. అంటు కట్టిన చోటుకి కింద మొలిచింది. అది పైచెట్టుది కాదు, వేరుమొక్కది. వదిలేస్తే తిండంతా అదే తినేసి పైదాన్ని ఎండగడుతుంది."

"అదీ! పక్కింటాయన అలాంటి కొమ్మనే ముద్దుచేసి పెంచి, కమలాలు చేదుగా కాశాయని నా మీదికి దెబ్బలాటకొచ్చాడు. మరి ఈ కాయ?"

"అయ్యయ్యో! దీనికేం రోగమండీ? మనిషికున్నట్టు వేళ్ళు మొలిచాయి!"

"రోగమా?"

"నాన్నా, ఆయన ఉద్దేశం ఏమిటంటే..."

"దబ్బలో అదో జాతయ్యా! చెయ్యి చాపినట్టే కాస్తుంది. నా బంగారుకొండని పట్టుకుని రోగమంటావా? సరే, పోనీ. అసలు పరీక్ష వాసన. కళ్ళు మూసుకో. నేనూ మూసుకుంటా, న్యాయంగా ఉంటుంది. అమ్మాయ్, ఆకులు నలిపి మా ఇద్దరి ముక్కుల దగ్గరా పెట్టు."

"ముందు ఇది. ఆకు చివర ఇంకో ఆకు అతికించినట్టు జంటగా ఉండే ని..."

"నువ్వు నోరు ముయ్యవే! ఏం బాబూ?"

"ఆహాహా! కమలా."

"భేష్! కమలాయే!"

"కమలానా నాన్నా? సరిగ్గా చూశారా?"

"నా ముక్కునే అనుమానిస్తావా? కాలనీ కాలనీ అంతా ఆకులు పట్టుకుని నా గుమ్మం దగ్గరికొస్తుంది. తర్వాతది తే."

"ఉండండి, లోపల్నించి తెస్తా."

"లోపల కూడా చెట్లున్నాయా మావయ్యగారూ?"

"ఏదో కుండీలో ఉండుంటుందిలే. కళ్ళు తెరవకు."

"ఇదిగో. ఇద్దరూ గట్టిగా పీల్చండి."

"పంపరపనస!"

"పంపరపనసే! లేతాకు. ఏంటి బాబూ, ఎగబీలుస్తున్నావు?"

"కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయండీ."

"నాకూ వస్తున్నాయి. మేలుజాతి అంటే అలాగే ఉంటుంది మరి!"

"కళ్ళు తెరవండి నాన్నా. అది ఉల్లిపాయ."

"ఉల్లిపాయా?"

"సగానికి కోసిన ఉల్లిపాయ."

"నిన్ను ఉల్లిపాయ ఎవరు తెమ్మన్నారే!"

"మీకు వాసన తెలియట్లేదు కదూ?"

"మెల్లిగా! మీ అమ్మ చెవిన పడితే ఊరంతా చాటింపే. ఆ పాడు జ్వరం వచ్చిపోయినప్పట్నించీ అంతేనమ్మా. కాయల్లేని లేతమొక్కల్లో ఏది ఏదో నాకే తెలియడం లేదు. పరువు పోతుందని నోరు మూసుకున్నా. ముక్కున్న అల్లుడొకడు వస్తే పక్కన నిలబడి చెవిలో చెప్తాడని ఆశపడ్డా. తీరా చూస్తే ఇతనిదీ ఉత్తి ముక్కే!"

"నాది వట్టి జలుబండీ, తగ్గిపోతుంది!"

"ముక్కు సంగతి సరే, చెట్లు తెలుసా నీకు?"

"తెలియవండీ. మీ అమ్మాయి కోసం నేర్చుకుంటానండీ."

"లాభం లేదు బాబూ. ఇద్దరం దొందూ దొందే అయితే నా చెట్ల గతేం కాను? పిల్లనివ్వను."

"నాన్నా! నాకు ఈయనే కావాలి."

"ఏమండోయ్! పాలు మాడి బొగ్గయిపోయాయి! ఆ కంపుకి ఎదురింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. చూస్తూ ఉండవే అని కూతురికి చెప్పి వెళ్ళానే!"

"చూళ్ళేదమ్మా."

"పొయ్యి పక్కనే ఉల్లితొక్కలున్నాయి. అక్కడే నిలబడి కోశావు! నీ ముక్కేమయిందే?"

"కాస్త జలుబుగా ఉందమ్మా."

"నీకూనా! ఎప్పట్నించే?"

"ఆదివారం నుంచి నాన్నా."

"ఏం బాబూ, నీకెప్పట్నించి?"

"ఆది... అంటే... ఎప్పుడో గుర్తులేదండీ."

"ఫొటోల్లో తప్ప ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదన్నారే?"

"పార్కులో మావయ్యగారూ, కేవలం ఆకుల గురించి..."

"చాల్లే, ఇంకేం చెప్పకు! ఒసేయ్, పాలు పోతే పోయాయి, పెళ్ళి పనులు మొదలెట్టు. అల్లుడి కంటే ముందు అల్లుడి జలుబు మనింటికి కాపురానికొచ్చేసింది!"