తట్టుకునే శక్తి, రెండో విడత

ఛాంగ్‌వన్‌లో పంపుల ఫ్యాక్టరీ, మీటింగ్ గది. తట్టుకునే శక్తిని కొలిచే విదేశీ ప్రశ్నపత్రం కొరియన్‌లో పనికొస్తుందో లేదో తేల్చడానికి యూనివర్సిటీ నుంచి వచ్చిన హ్యెవోన్, ఎదురుగా టీమ్ లీడర్ బ్యోన్. అదే మనుషుల చేత రెండోసారి నింపించిన కాగితాలను ఆమె ఒక్కొక్కటిగా తిప్పుతోంది.

“సున్నా నుంచి నాలుగు దాకా ఉంటే, ముప్ఫై ఒక్కరూ అన్ని ప్రశ్నలకీ మూడే పెట్టారేంటి లీడర్‌గారూ?”

“డైరెక్టర్‌గారు మూడు పెట్టారు మేడమ్. ఆయనకన్నా మాకే ధైర్యం ఎక్కువని నాలుగు రాసుకుంటామా?”

“తక్కువ రాయొచ్చుగా!”

“రాస్తే టీమ్ పరువో?”

“ఛీ... ఈ ఎర్ర మరకలేంటి? నూనె కంపు!”

“సూప్ మేడమ్. అందరం ఒకచోట కూర్చుని తిన్నాం. పనిలో పని, నింపించేశాను.”

“సోజు తాగుతూనా?”

“తాగకుండా ఎలా కూర్చుంటాం?”

“అసహ్యంగా ఉంది. మొదటిసారి అంటించిన కవర్లలో ఇచ్చారు, ఎవరి మనసు వాళ్ళు రాశారు. ఆ రోజే ఒక్కొక్కటీ నేనే చదివి కంప్యూటర్లో ఎక్కించాను. పద్నాలుగో నంబరాయనైతే అన్నిటికీ సున్నా. ‘ఎంత దెబ్బ తగిలినా మళ్ళీ లేస్తాను’, సున్నా. ‘బాధ చెప్పుకోవడానికి నాకో మనిషి ఉన్నారు’, సున్నా. ఇప్పుడాయనా మూడే!”

“పద్నాలుగా?”

“ఎవరాయన?”

“నామ్ గిచోల్... పోనీండి మేడమ్, సంతకం పెట్టెయ్యండి. లేకపోతే డైరెక్టర్‌గారు నా తోలు తీస్తారు.”

“ఇలాంటి చెత్త మీద సంతకం పెడితే రేపు దేశమంతా దీన్నే వాడతారు. ఆయన్ని పిలవండి.”

“సెలవులో ఉన్నాడు.”

“ఫోన్ చెయ్యండి.”

“ఎత్తడు.”

“అందరూ కూర్చుని తిన్నామన్నారు. ఆయన రాలేదా?”

“ఉన్నాడు.”

“ఉన్నాడా, రాలేదా?”

“ఉన్నాడు మేడమ్. ఫొటోలో. నల్ల రిబ్బన్ కట్టి, చుట్టూ తెల్ల చామంతులు పెట్టారు. తన ప్రాణం తనే తీసుకున్నాడు. మేం తిన్నది ఆసుపత్రి కింద, చావుకొచ్చినవాళ్ళకి భోజనం పెట్టే హాల్లో.”

“మరి... ఈ కాగితం?”

“నేనే నింపాను. ముప్ఫై ఒకటీ రావాలన్నారు కదా, ఒకటి తగ్గితే బాగోదని.”

“థూ! చచ్చిపోయినవాడి చేత ‘మళ్ళీ లేస్తాను’ అని రాయించారా? ఆయన చావు కూడు తింటూనా? మనిషేనా మీరు?”

“కాదనుకోండి. కానీ ఆ సున్నాల సంగతి నాకిప్పుడే తెలిసింది మేడమ్. మీరు మూడు వారాల కిందటే చదివారు.”