ఇజ్రాయెల్‌కు పసుపు మాత్రలు

నాగలమడిక, పంతొమ్మిదివందల తొంభై అయిదు. వానల్లేని ఏడు. బిందుసేద్యం చూసి రమ్మని తాలూకా నుంచి ఇజ్రాయెల్ పంపుతున్న రైతుల్లో హొన్నూరప్ప ఒకడు. ఆరేళ్ళుగా అతని పెద్దపేగులో పుండ్లు. ఎల్లుండే ప్రయాణం. భార్య ఓబక్క పెట్టె సర్దుతోంది.

“అన్నీ ఆ పెట్టెలోనే పెడ్తే ఎట్లమ్మే? అది యాడన్నా తప్పిపోతే?”

“సగం మాత్రలు పెట్టెలో, సగం నీ చేతిసంచిలో. డాక్టరే చెప్పినాడు. పది దినాలకి పోతాంటే ఇరవై దినాలవి కట్టినా.”

“ఈ పసుపు మాత్రలు చూసి ఆడ పోలీసోళ్ళు పట్టుకుంటే?”

“దానికే చీటీ రాసిచ్చినాడు, ఇంగ్లీషులో, సీలేసి. జబ్బు పేరు, మాత్రల పేరు, అన్నీ ఉండాయి.”

“జబ్బు పేరు గుడక రాసినాడా? అందురూ చదువుతారు.”

“చదవనీ. ఇజ్రాయెల్లో నీకి చుట్టాలెవురుండారు?”

“చుట్టాలు గాదే. వ్యవసాయం ఆఫీసరు తోడొస్తాడు గదా.”

“ఆయప్పకి చెప్పినా.”

“ఏంది?”

“చెప్పినానప్పా. విమానంలో మా ఇంటాయనకి కక్కసు పక్కన, నడిచే దావ అంచున సీటు ఇప్పించండి సారూ అన్నా. రాసుకున్నాడు.”

“ఓబక్కా, ఆరేండ్లు పక్కింటోళ్ళకి గుడక తెలీకుండా దాచినానే.”

“ఊ.”

“ఊ ఏంది?”

“ఏం లే. ఆ ఇంగ్లీషు మాట ఒకసారి చెప్పు.”

“వేర్… వేర్ టాయిలెట్ ఈజ్.”

“వేర్ ఈజ్ టాయిలెట్, ప్లీజ్.”

“ప్లీజ్ అనేంత పురసత్తు ఉంటాదా నాకి?”

“అయితే ప్లీజ్ వదిలిపెట్టు.”

“ఆడ కక్కసుల్లో నీళ్ళుండవంట. కాగితమంట.”

“నీళ్ళు మిగిలిచ్చేది నేర్చుకోనే గదా పోతాండేది. ఆడ్నించే మొదలుపెట్టు.”

“నగు, నగు. తినేదేంది మరి? నాకి పాలు పడవు, కారం పడదు.”

“అటుకులుండాయి, రాగిపిండి ఉండాది. ఉప్పూ చక్కెరా కలిపి పొట్లాలు కట్టినా, కాచిన నీళ్ళల్లో కలుపుకో. రక్తం పడితే మాత్రం దాచొద్దు, ఈ తెల్ల మాత్ర ఏసుకోని ఆఫీసరుకి చెప్పు.”

“నేను పోనే. పక్కచేను కొల్లప్పను పంపమను.”

“కొల్లప్ప బోరులో నీళ్ళుండాయి, ఆయప్పకి ఈ పయనం యాలా? మనవి రెండు బోర్లూ ఎండిపాయె. మూడేండ్లుగా ఏసిన శెనక్కాయ విత్తనం గుడక తిరిగి రాలా. నువ్వు ఆ చుక్కనీళ్ళ సేద్యం చూసి రాకుంటే మల్ల ఇద్దురమూ బెంగుళూరికి కూలికి పోవల్ల. చెప్పు, పోదామా?”

“భయమమ్మే. కడుపు మెలిపెట్టినాక రెండు నిమిషాలే నాకి. చెల్లెలి మొగుని ఊరికి గుడక ఇంతవరకూ పోలేదు, తెలుసు గదా.”

“తెలుసు. చేతిసంచిలో ఒక ప్యాంటు ఎక్కువ పెట్టినా. తడిస్తే మార్చుకో. వాళ్ళేమన్నా మల్ల నిన్ను చూడబోతారా?”

“సరేలే. విమానంలో సీటైతే ఉండాది. బెంగుళూరు దాకా పోయేదే కష్టం.”

“పావగడ దాకా మన డ్రైవరు బొమ్మన్న బస్సే గదా.”

“దాంతో భయం లేదు. అది పాడు బస్సు. రేడియేటరు కాగిపోయి, నేనెక్కిన ప్రతిసారీ వంక కాడ నిల్చిపోతాది. బొమ్మన్న నీళ్ళు పోసేలోపల నేను తుమ్మచెట్లలోకి పోయొస్తా. నా అదృష్టం. పావగడలో ఎక్కే ఆ బెంగుళూరు బస్సు కొత్తది, అదెందుకు నిలుస్తాది?”

“అదీ నిలుస్తాది. బొమ్మన్న ఆ డ్రైవరుకి చెప్పినాడు.”

“ఏమని? కొత్త బస్సుకి గుడక రేడియేటరు కాగుతాదా?”

“బొమ్మన్న బస్సుకి యాపొద్దు కాగింది గనక? నువ్వు దిగి చెట్లలోకి పోతానే, బస్సులో ఉండే జనమంతా నువ్వు తిరిగొచ్చేదాకా ఇంకో పక్కకి మొగం తిప్పుకోని కూచుంటారప్పా. ఆరేండ్లుగా.”