ఎనిమిది కిలోమీటర్ల మడ్డి

ఆదివారం మధ్యాహ్నం. చేవెళ్లలో వీరేశం నూనె దుకాణం పైనున్న వంటింట్లో ఆయన భార్య సుమిత్రమ్మ, మనుమరాలు స్వప్నిక.

“పాలగిన్నెలనా? నానమ్మా, ఇది క్రూడ్ ఆయిల్ పైపుల కెళ్లి గీకిన ముక్క. గిన్నె మళ్ల పనికిరాదు.”

“పనికిరాకుంటే పాయె. ఆ సీసా ఇటియ్యి.”

“నిన్న వంటింట్లకు బ్యాగు తెచ్చిన్నని లొల్లి చేసినవ్. ఇయ్యాల పాలగిన్నె ఇస్తున్నవ్. ఏమైంది నీకు?”

“నాకేమైతది? నువ్వే లేచినకాడి నుంచి మొఖం ఏలాడేసుకొని కూసున్నవ్. జర మళ్ల చెప్పు, నీ ఫికర్ ఏంది?”

“నేను నౌకరి చేసే ఎడారిల చమురు బావి ఉన్నది గద. ఆడికెళ్లి ఎనిమిది కిలోమీటర్లు పైపు పోతది. దాని లోపట నల్లగ పేరుకపోయింది. చమురు కదులుతలేదు.”

“మన డబ్బాల అడుగున మడ్డి లెక్క.”

“మడ్డే అని నాకనిపిస్తున్నది. మైనం అని మా సార్ అంటున్నడు. చలికి గడ్డకట్టింది, వేడినూనె పోస్తే కరిగి పోతదంట. ఇయ్యాల రెండింటికి పోస్తరు.”

“మడ్డైతే?”

“మడ్డైతే వేడికి కరగదు. పైంగ ఆ వేడినూనెల పల్చటి నూనె కలుపుతరు. అది తగిలితే చమురుల ఉన్న మడ్డి ఇంకింత దిగుతది. పైపు మొత్తం మూసుకపోతది.”

“గింతేనా? కొబ్బరినూనె చలికి గడ్డకడ్తది, ఎండల పెడితే కారుతది. పల్లినూనె మడ్డిని ఎండల కాదు, పొయ్యి మీద పెట్టినా మడ్డి మడ్డే. నలభై ఏండ్లు డబ్బాలు కడిగిన. దీనికి అంత సదువెందుకు?”

“అంత అల్కగ తేలదు నానమ్మా. రేపు మొయినాబాద్ అవుతల ల్యాబ్‌ల ఇస్తే, రెండు దినాలకు చెప్తరు. అందుకే సీసా మోసుకొచ్చిన.”

“రెండు దినాలు ఆగుతరా వాళ్లు?”

“ఆగరు. సార్ ఇరవై ఏండ్ల సంది ఆడనే ఉన్నడు. నేను చేరి ఆరు నెలలు. నౌకరి ఇంకా పర్మినెంట్ కాలే. నేను ఆపుమన్న తర్వాత అది మైనమే అని తేలితే, మూటముల్లె సర్దుకొమ్మంటరు.”

“అందుకని చెప్పకుంట ఊకున్నవా?”

“ధైర్యం చాలలే.”

“నాకైతే చెప్పినవ్. వచ్చుడు వచ్చుడే, బువ్వ తినుకుంట, ‘అది మైనం కానే కాదు, మా సారుకు తెల్వది’ అన్నవ్.”

“నీకు చెప్పుడు వేరు.”

“ఆఁ... వేరే. వేరే. నీళ్లు మసులుతున్నయి, ఎయ్యి ఎయ్యి.”

“ఆగు, కిటికీ తియ్యి, వాసనొస్తది. ఒక కొవ్వొత్తి ముక్క గూడ ఇయ్యి.”

“అదెందుకు?”

“కొవ్వొత్తి మైనమే గద. రెండు పక్కపక్కన ఏస్తే తేడా తెలుస్తది.”

“ఇగో... కొవ్వొత్తి అప్పుడే కరిగింది సూడు. పైకి తేలింది. నీది ఏది?”

“అడుగున కూసున్నది. ఇంకొంచెం సేపు చూద్దాం.”

“చూద్దాం. నా గుండె దడదడ కొట్టుకుంటున్నది.”

“నీకెందుకు దడ? పోతే నా నౌకరి పోతది.”

“ఊకెనే. వయసు మీద పడలేదా. ఇంతకూ కరిగిందా?”

“లేదు. గంటెతోని నొక్కినా మెత్తబడలే. పుటుక్కున ఇరిగింది.”

“సరింగ చూసినవా?”

“చూసిన.”

“నా మీద ఒట్టేసి చెప్పు.”

“నీ మీద ఒట్టు. మడ్డే. నేనన్నదే నిజం.”

“అబ్బ, సల్లగుండు బిడ్డ. నాకు పానం లేచొచ్చింది. ఇగ ఫోటో తీసి మీ సారుకు పంపు. జల్ది పంపు.”

“ఫోటో పంపుత, ఫోన్ గూడ చేస్త. ఇంకా పన్నెండున్నరే. తిడితే తిట్టనీ. నౌకరి పోతే మోకిలల ఏదన్న బడిల సైన్స్ చెప్పుకుంట. పైపును మాత్రం పాడు కానియ్య.”

“గట్ల మాట్లాడు. నేను జర కిందికి పోయొస్త, తాత పిలుస్తున్నడు.”

“తాత పిలువలే. నానమ్మా, ఆగు. నా ఫోన్ల ఇదేంది?”

“ఏది?”

“పొద్దుగాల ఎనిమిదింటికి సార్ నుంచి ఫోనొచ్చినట్టున్నది. ఆరు నిమిషాలు మాట్లాడినట్టున్నది.”

“నువ్వు పండుకొని ఉంటివి. అది మోగుడే మోగుడు. ఎత్తిన.”

“ఆయనకు తెలుగు రాదు.”

“మన దుకాణం హిందీ ఉన్నది గద.”

“ఆరు నిమిషాలు ఏం మాట్లాడినవ్ నానమ్మా?”

“‘గరం తేల్ నక్కో డాలో సాబ్, వేడినూనె పొయ్యొద్దని మా పిల్ల అన్నది’ అన్న. పరీక్ష చేసి చూసిందా అని అడిగిండు. చూసింది అన్న. ఎనిమిదింటికే ఆపేసిండ్రు బిడ్డ.”