పని లేనివాడికి పదహారు పేజీలు

పేరు, చిరునామా పై గళ్లలో రాసినవే. వయసు ముప్పై ఆరు. పెళ్లి కాలేదు. చదువు ఎం.ఎ., అర్థశాస్త్రం. ఆ చదువు వల్ల నాకు గానీ ఇంకెవరికి గానీ ఇంతవరకూ ఏ లాభమూ కలగలేదు.

వృత్తి అన్నచోట ఏం రాయాలని కానిస్టేబుల్ గారు అడిగారు. నిన్న సాయంత్రం నాలుగుంబావు దాకా ఉపాధి గణాంక కార్యాలయంలో ఇంటింటి సర్వే చేసే మనిషిని, ఫారానికి ఇంత అని కూలి. ఇప్పుడు ఏమీ కాదు. అయితే మా కార్యాలయం నియమం ప్రకారం గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట ఏ పని చేసినా ఆ మనిషికి ఉద్యోగం ఉన్నట్టే. ఈ పొద్దున్న మీ స్టేషను వరండా నాచేత ఊడ్పించారు. గంటకు పైనే పట్టింది, అంత చెత్త ఉంది. కాబట్టి 'పారిశుద్ధ్య రంగం' అని రాసుకోండి. సర్కారు సంతోషిస్తుంది.

మాకు రెండు రకాల కాగితాలు ఇస్తారు. పని ఉన్న మనిషికి తెల్ల కాగితం, ఒక్కటే. పని లేని మనిషికి పచ్చ కట్ట, పదహారు పేజీలు, డెబ్బై మూడు ప్రశ్నలు. తెల్లది రెండు నిమిషాల్లో అయిపోతుంది. పచ్చదానికి రెండు గంటలు చాలవు. కూలి మాత్రం రెండింటికీ ఒకటే. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, అతని తెలివికి దండం పెట్టాలి. జనానికి పని ఉందో లేదో కనుక్కు రమ్మని పంపిస్తూ, లేదని రాస్తే మా కడుపే మాడేలా చూశాడు. మా దగ్గర సర్వే చేసేవాళ్లం పదిహేడు మందిమి. మూడేళ్లుగా పచ్చ కట్టలు బీరువాలో ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి, తాడు కూడా విప్పలేదు. కావాలంటే వెళ్లి చూడండి, చెదలు మిగిల్చి ఉంటే.

మనిషికి ఉద్యోగం ఇవ్వడం మాకు చిటికెలో పని. కూలీల అడ్డా దగ్గర వారమంతా నిలబడి ఉత్త చేతులతో ఇంటికొచ్చినవాణ్ణి 'నిర్మాణ రంగం' అని రాశాం. పక్కింటి పసిదాన్ని గంటసేపు ఎత్తుకున్న ముసలమ్మని 'శిశు సంరక్షణ సేవలు' అని రాశాం. చనిపోయినవాళ్లని మాత్రం నేనెప్పుడూ రాయలేదు. మావాళ్లలో ఒకాయన రాశాడు. ఆయనకి ఉత్తమ సర్వేయరు బహుమతి వచ్చింది.

మా పైన ఒక పర్యవేక్షకుడు ఉన్నాడు. ఆయనే ఫిర్యాదుదారు. మేమంతా ఆయన్ని గ్రాఫు సారు అంటాం. ఆయన కుర్చీ వెనక గోడకి ఒక పెద్ద గ్రాఫు ఉంటుంది, అందులో నిరుద్యోగం ఎర్ర గీతగా కిందికి జారుతూ ఉంటుంది. ఎవరొచ్చినా, మంచినీళ్ల డబ్బా తెచ్చినవాడికైనా సరే, స్కేలు పెట్టి ఆ గీత చూపిస్తాడు. గీత ఇంకో జానెడు దిగితే చట్రం దాటి ఆయన నెత్తిన పడుతుంది. దాని మీద దుమ్ము పడితే తన చేతిరుమాలుతోనే తుడుస్తాడు. ఒక మనిషి ఇంటి గుమ్మం తొక్కి ప్రశ్న అడగడం మాత్రం ఆయన ఉద్యోగంలో ఎన్నడూ చేయలేదు.

రెండు నెలల కిందట పన్నెండో తారీఖున మూతపడ్డ నూలు మిల్లు వెనక వీధులు నా వంతుకి వచ్చాయి. రెండు వందల పన్నెండు ఇళ్లు. అందులో ఒకటి మా అక్కది. బావ ఆ మిల్లులో దూది ఏకే చోట ఇరవై రెండేళ్లు పనిచేశాడు. మిల్లు మూసేసి అయిదేళ్లు. దూది నుసి ఊపిరితిత్తుల్లో మిగిలింది, కూలి మిగల్లేదు. పని లేని కుటుంబం కింద ఆయనకి నెలనెలా భృతి వచ్చేది, దాంతో పాటు ఆసుపత్రిలో పీల్చే మందు ఉచితంగా ఇచ్చే కార్డు. ఆ మందు లేకపోతే ఆయన పడుకోలేడు, కూర్చునే తెల్లవారుస్తాడు.

పొద్దున్న పదింటికి వాళ్లింటికి వెళ్లాను. చేతిలో కాగితాల కట్ట, ఆ రోజు వంతులో ఇంకా ఇరవై ఇళ్లు మిగిలి ఉన్నాయి.

"ఈ వారంలో ఏమైనా పని చేశావా బావా?" అన్నాను.

"ఎందుకు చెయ్యలేదూ? పక్కింటావిడ కుట్టుమిషను తిరగట్లేదంటే విప్పి, నూనె వేసి, బెల్టు మార్చాను. గంట పైనే పట్టింది."

"డబ్బులిచ్చిందా?"

"మంచినీళ్లిచ్చింది. చల్లటివే."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే తెల్ల కాగితం మీద 'స్వయం ఉపాధి, యంత్రాల మరమ్మతు' అని రాశాను. రెండు నిమిషాలు. ఈ కాగితాలకీ భృతి కార్డులకీ ఏ సంబంధమూ లేదని మాకు చెప్పి ఉన్నారు. నమ్మి రాశానని మాత్రం అనను. ఆ మాట చెప్పినవాళ్ల మొహాలు రోజూ చూస్తూనే ఉన్నాను కదా.

ఆ రెండు వందల పన్నెండు ఇళ్లలోనూ పని లేని మనిషి ఒక్కడు కూడా లేడని రాశాను. మిల్లు మూసేసిన వీధుల్లో, పట్టపగలు మగవాళ్లంతా అరుగుల మీద కూర్చుని ఉండగా. గ్రాఫు సారు నా చేయి పట్టుకుని ఊపేశాడు. రాష్ట్రం మొత్తంలో నిరుద్యోగం తగ్గించడంలో మన ప్రాంతమే మొదటిదని ఆయనకి ఒక జ్ఞాపిక ఇచ్చారు. దాన్ని బల్ల మీద పెట్టుకున్నాడు, వచ్చినవాళ్లకి పేరు కనపడేలా.

పోయిన నెల నాలుగో తారీఖు, సోమవారం, ఉదయం తొమ్మిదింటికి అక్క నా గదికి వచ్చింది. చేతిలో నోటీసు ఉంది. ఉపాధి దొరికినందువల్ల భృతి, వైద్య కార్డు రద్దు అని.

"ఏమిటే ఇది? మీ బావకి ఉద్యోగం వచ్చిందట. ఎప్పుడొచ్చిందే? నాతో ఒక్క మాటైనా అన్లేదు ఆయన."

ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడిగింది. నోటీసుకి నా తెల్ల కాగితం నకలు జతచేసి ఉంది. అక్కకి నా చేతిరాత తెలుసు.

"నువ్వేనా?" అంది.

"నేనే."

"సరే అయితే. మార్పించు," అని నీళ్లు తాగి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

నేను నాలుగుసార్లు గ్రాఫు సారు దగ్గరికి వెళ్లాను. తారీఖులు కావాలంటే చెప్తాను: ఆరు, తొమ్మిది, పదహారు, ఇరవై మూడు. చివరిసారి ఆయన స్కేలుతో వీపు గోక్కుంటూ అన్న మాటలు ఇవి. "ఏమ్మా, ఒక్కడి కోసం నా గీత వంకర చెయ్యమంటావా? మీ బావని మారిస్తే రేపు ఆ వీధులన్నీ వచ్చి నా నెత్తినెక్కుతాయి. అయినా ఫారం తప్పని నేనెలా అంటాను? తప్పుడు ఫారం రాయడం నేరం. నేరం జరిగిందని పోలీసులో కోర్టో తేల్చాలి. ఏం, నీ మీద నువ్వే కేసు పెట్టుకుంటావా?" అని పకపకా నవ్వాడు. పక్కన గుమాస్తా కూడా నవ్వాడు, జీతంలో అదీ ఒక భాగం.

నిన్న బుధవారం బావని తీసుకుని కార్యాలయానికి వెళ్లాను. మూసేసిన చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తు, ముప్పై ఎనిమిది మెట్లు. అవి ఎక్కడానికి బావకి ఇరవై నిమిషాలు పట్టింది. పదకొండూ ఇరవైకి గ్రాఫు సారు పాత ఫైళ్ల గదిలో ఒక్కడే ఉన్నాడు. నేనూ బావా లోపలికి వెళ్లాం. లోపల గొళ్లెం పెట్టి తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను. బావకి ఈ సంగతి ముందు తెలియదు. కార్డు పని అని చెప్పి తెచ్చాను. ఆయన్ని ఈ కేసులో ఇరికించకండి.

బీరువాలోంచి ఒక పచ్చ కట్ట తీసి తాడు విప్పాను. "సారూ, మీరు అడగండి, ఆయన చెప్తాడు, మీరే రాయండి. డెబ్బై మూడూ అయ్యాక తలుపు తీస్తాను," అన్నాను. అరిచాడు. అటెండరు వచ్చి తలుపు కొట్టాడు. సారు సర్వే చేస్తున్నారని చెప్పాను. వాడు కిటికీలోంచి తొంగి చూసి, నిజమే అనుకుని వెళ్లిపోయాడు.

నేను ఆయన్ని తాకలేదు, తిట్టలేదు. ఫిర్యాదులో ప్రాణభయం అని రాశాడట. ఆ గదిలో ఊపిరి అందనిది ఒక్క బావకే.

తొమ్మిదో ప్రశ్న: ఇప్పుడు పని ఎందుకు వెతకడం లేదు? ఆసక్తి లేదు, ఇంటి పనులు, చదువు, ఇతరములు. ఒకదానికి టిక్కు పెట్టాలి.

"వెతుకుతున్నాను సారూ," అన్నాడు బావ. "మెట్లు లేనిచోట ఏదైనా ఉంటే చెప్పండి."

దానికి గడి లేదు. గ్రాఫు సారు పెన్నుతో ఒక్కో గడీ వెతికాడు. ఆ ఫారం ఆమోదించిన సంతకాల్లో ఆయనదీ ఒకటి. చదవకుండా పెట్టాడని అప్పుడే తెలిసింది.

రెండున్నరకి నలభై ఒకటో ప్రశ్న దాకా వచ్చాం. గడిచిన ఏడు రోజుల్లో ఇంట్లో ఎవరైనా భోజనం మానేశారా? బావ నా వైపు చూశాడు. "నువ్వు కాసేపు బయటికెళ్లమ్మాయ్," అన్నాడు. తాళం తీయనన్నాను.

"నా భార్య సారూ. మూడు పూటలు."

"ఏయే పూటలు?" అన్నాడు గ్రాఫు సారు. అలా అడగమని అక్కడే రాసి ఉంది.

"మంగళవారం రాత్రి. గురువారం రాత్రి. ఆదివారం మధ్యాహ్నం."

ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో తిన్నది నేను. ప్రతి ఆదివారం తింటాను. "నేను ముందే తినేశానే, నువ్వు కానివ్వు," అంటుంది అక్క. ప్రతి ఆదివారం అదే మాట. పోయిన ఆదివారం రెండోసారి కూడా వడ్డించుకున్నాను. పద్నాలుగు వేల ఇళ్లు తిరిగి, జనం ముందే తినేశామంటే దాని అర్థం ఏమిటో తెలిసినదాన్ని. నా మొహాన ఉమ్మేయాలనిపించింది.

"కారణం?" అన్నాడు. అనారోగ్యం, ఆకలి లేకపోవడం, ఇతరములు. "ఇతరములు అని వేస్తాను," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇతరములైతే పక్కన గీత మీద వివరం రాయాలి సారూ," అన్నాను నేనే.

నేను చెప్పాను. ఆయన రాశాడు: 'మరదలు భోజనానికి వచ్చింది.' ఆ కాగితం మీ దగ్గరే ఉంది, చూసుకోండి.

మూడూ యాభైకి డెబ్బై మూడూ పూర్తయ్యాయి. సంతకం పెట్టాడు. తలుపు తీశాను. అయిదు నిమిషాల్లో మీకు ఫోను చేశాడు. నాలుగుంబావుకి మీరు వచ్చారు. బెదిరించి నింపించిన ఫారం చెల్లదని మీ ఎదుటే అన్నాడు. నిజమే, నియమం అదే. మూడేళ్లలో మా కార్యాలయంలో ఒక్క ఫారం నిజంగా రాస్తే అది చెల్లదు. నేను కులాసాగా నవ్వుతూ రాసిన తెల్ల కాగితం మాత్రం చక్కగా చెల్లుతుంది. దాని ప్రకారం బావ ఇవాళ్టికీ ఉద్యోగస్తుడే.

ఈ ఉదయం తొమ్మిదింటికి గ్రాఫు సారు స్టేషనుకి వచ్చాడు. రాత్రంతా ఆలోచించి ఉంటాడు, మొహంలో జాలి తెచ్చిపెట్టుకున్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడట, గొళ్లెం దానంతట అదే పడిందని చెప్తాడట, నన్ను మళ్లీ పనిలోకి కూడా తీసుకుంటాడట. నా మీద ప్రేమ కాదు. కేసంటూ నడిస్తే ఆ గదిలో ఏం కాగితాలు ఉన్నాయని కోర్టు అడుగుతుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం.

అక్క కూడా వచ్చింది. "సంతకం పెట్టేసి వచ్చెయ్యవే," అంది. "మందు సంగతి మేమేదో చూసుకుంటాం. నువ్వు జైలుకెళ్తే నేను బతగ్గలనా?" అక్క మాట నేను వినలేదు. మందు సంగతి వాళ్లు ఎలా చూసుకుంటారో నాకు తెలుసు, నలభై ఒకటో ప్రశ్నలో ఉంది.

స్టేషను అధికారి గారు మంచివారే. గది తాళం సంగతి ఒక్కటి రాస్తే చాలు, ఫారాల గొడవ నీకెందుకమ్మా, కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది అన్నారు. పడనివ్వండి. నాకు రాజీ వద్దు. తలుపు తాళం వేయడం చిన్న నేరం, దాన్ని కూడా రాసుకోండి. మిల్లు వెనక వీధుల్లో కనీసం నూట నలభై ఇళ్లకి తెలిసే తప్పుడు ఫారాలు రాసి, నిజమని కింద సంతకాలు పెట్టింది నేను. నా మీద కేసు పెట్టండి. నేరం తేలితే ఆ కాగితాలు రద్దవుతాయి, అది కూడా గ్రాఫు సారు చెప్పిన నియమమే. అప్పుడు బావకి ఉద్యోగం పోతుంది.

పైన ఉన్నదంతా మధ్యాహ్నం పన్నెండుంబావుకి కానిస్టేబుల్ గారు నాకు చదివి వినిపించారు. ఎవరి బలవంతమూ లేదు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఒక్కచోట తప్ప. ఆ నూట నలభై ఫారాలు 'పొరపాటున' తప్పు రాశానని ఆయన దయతలచి రాశారు. ఆ మాట కొట్టించి, 'తెలిసే' అని రాయించాను. కొట్టివేత పక్కన ఒక సంతకం పెట్టాను, ఇక్కడ రెండోది.

(సంతకం)