ఈల మేడమ్ చివరి అంచనా కాగితం

పందొమ్మిది వందల తొంభై రెండు ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన బాలికల పాఠశాల హాజరు పుస్తకంలో వ్యాయామోపాధ్యాయినిగా తొలి సంతకం చేసి, సిరా ఆరకముందే ‘మైదానం ఎటండీ?’ అని అడిగిన మహనీయురాలు, ముప్పై నాలుగేళ్ల నిర్విరామ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. స్టాఫ్ రూములో తమకొక కుర్చీ కేటాయించారన్న సంగతి వారికి తెలియడానికి మూడు వారాలు పట్టిందని అప్పటివారు చెబుతారు. విద్యార్థినులు వారికి ‘ఈల మేడమ్’ అని పేరు పెట్టగా, కోపగించుకుంటారేమోనని అందరూ హడలిపోతే, ‘పోనీలెండి, కర్ర మేడమ్ అనలేదు’ అని నవ్వి ఊరుకున్నారట.

ఆనాడు మైదానమంటే నీళ్ల ట్యాంకు వెనకనున్న రాళ్లనేల. ఆరు హాకీ స్టిక్కులు, తొమ్మిదిమంది ఆడపిల్లలు, ఒక ఈల. సాధనకు ఆలస్యంగా వచ్చిన ప్రతి పిల్లా పది రాళ్లు ఏరి గోడవతల వేయాలన్నది వారి శాసనం. ఆ విధంగా మూడేళ్లలో చదునైన మైదానం సిద్ధమైంది కనుక, దాన్ని మన పాఠశాల ఆలస్యాలకు స్మారకచిహ్నంగా భావించవచ్చు. తొంభై అయిదులో పదహారేళ్లలోపు బాలికల లీగ్‌లో మన జట్టు తొలిసారి ప్రవేశించి అన్ని మ్యాచ్‌లూ ఓడింది. అటుపిమ్మట మూడుసార్లు సెమీఫైనల్ చేరింది, ఒక్కసారి కప్పు గెలిచింది. ఆ కప్పు ఇప్పటికీ ప్రధానోపాధ్యాయిని గది బీరువాలో ఉంది. దాని మూత మాత్రం ఎవరి ఇంట్లో ఉందో తెలియదు.

తొంభై ఆరులో లెక్కల టీచరుగా చేరిన నాకూ వారికీ పరిచయం పోట్లాటతోనే మొదలైంది. తొమ్మిదో తరగతి ఆఖరి పీరియడ్ నాది. అది తమకు కావాలని వారు, ప్రాణం పోయినా ఇవ్వనని నేను. “మీ సమీకరణాలు రేపటిదాకా ఆగుతాయి మేడమ్, ఎండ ఆగదు,” అనేవారు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఆ వివాదంలో నేను గెలిచినట్టు నాకు జ్ఞాపకం లేదు.

సీజన్ మొదలయ్యే ముందు వారు మెట్ల పక్క గోడకు అంటించే అంచనా కాగితం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. జట్టులోని ప్రతి పిల్ల గురించీ అందులో ఒక లోపం, ఒక బలం ఉంటాయి. ఎవరిది వాళ్లు మైదానంలో నిలబడి పైకి చదవాలి. ఏడ్చినా సరే, చదివాకే ఏడవాలి. చిట్టచివరి వరుస కోచ్‌ది. ‘గొంతు పెద్దది, ఓపిక చిన్నది. పొద్దున అందరికంటే ముందు వస్తుంది’ అని ఏటా అదే రాసుకుని, ఏటా అంతే శ్రద్ధగా పైకి చదివేవారు.

వారి హృదయ ఔన్నత్యానికి ఒక్క ఉదంతం చాలు. రెండు వేల నాలుగులో గోల్‌కీపర్ కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు చిరిగిపోగా, చేతిరాత బాగుంటుందని కొత్తవాటి కోసం ఫారం నింపే పని నాకప్పగించారు. అందులో ఎడమకాలికి ఒక గడి, కుడికాలికి ఒక గడి ఉన్నాయి. కాళ్లు రెండే కదా అని నేను మొదటి గడిలో రెండు అని వేసి, రెండో గడిలో గీత గీసి పంపాను. తొలి మ్యాచ్ ఉదయం పార్శిల్ విప్పితే రెండూ ఎడమకాలివే! పాతవాటిని అప్పటికే పారేశాం. నా మొహం చూసి, “మొత్తం మాత్రం సరిపోయింది మేడమ్, మీరు లెక్కల టీచరని ఒప్పుకోవాల్సిందే,” అన్నారు. గోల్‌కీపర్ పిల్ల బకిల్స్ ఒకదానికొకటి తగులుతుంటే బాతులా నడిచింది. ప్రతి మ్యాచ్‌కీ కుర్చీ వేయించుకుని గీత పక్కనే కూర్చునే వారి అత్తగారు, “అదేంటే, ఆ పిల్ల కాలు బెణికిందా?” అని అరిచారు. “లేదత్తయ్యా, కొత్త ప్యాడ్లు!” అని వీరు అక్కడినుంచే జవాబిచ్చారు. మ్యాచ్ గోల్ లేకుండా ముగిసింది. అప్పటి ప్రధానోపాధ్యాయిని “ఎవరు చేశారీ పని?” అని గట్టిగా అడిగినప్పుడు, నేను నోరు తెరిచేలోపు, “నేనే సరిచూసుకోలేదండీ,” అని తమ మీద వేసుకున్నారు. ఆ నిజం ఇన్నేళ్లకు మన పాఠశాల పత్రిక ఈ సంచికలో బయటపెడుతున్నాను.

ఇక రాబోయే సీజన్. ఏడుగురు పెద్దపిల్లలు చదువు ముగించి వెళ్లిపోయారు. గోల్‌కీపర్ కొత్త, మైదానం మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌కు ధ్యాస తక్కువ. అన్నిటికీ మించి, కొత్త కోచ్ పోస్టు ఈ ఏడాది భర్తీ కాదని తెలిసింది. “బాధ్యత తీసుకునే టీచరు సంతకం లేకపోతే లీగ్‌వాళ్లు జట్టు పేరు తీసుకోరండీ. శుక్రవారమే గడువు, ఈ ఏటికి వదిలేద్దాం,” అని ప్రస్తుత ప్రధానోపాధ్యాయిని బాధతోనే చెప్పారు. ఈల మేడమ్ నా పక్కకొచ్చి కూర్చుని, “వచ్చే ఏడాదికి సగంమందికి వయసు దాటిపోతుంది మేడమ్,” అన్నారు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. నేను తలెత్తకుండా జవాబుపత్రాలు దిద్దుతున్నట్టు నటించాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తోంది.

గురువారం సాయంత్రం చివరి అంచనా కాగితం గోడకెక్కింది. దాన్ని మైదానానికి తీసుకెళ్లి, నన్ను కూడా రమ్మన్నారు. సెంటర్ హాఫ్ చదివింది: “బంతి ఇచ్చాక నిలబడి అందం చూసుకుంటుంది. కానీ ఈ పిల్ల పరిగెత్తితే ఎవరికీ దొరకదు.” గోల్‌కీపర్ చదివింది: “బంతి వస్తే కళ్లు మూసుకుంటుంది. మూసుకుని కూడా పక్కకు జరగదు. అంత ధైర్యం నేను చూళ్లేదు. కళ్లు తెరిపిస్తే చాలు.” ఆ పిల్ల చదివాకే ఏడ్చింది.

చివరి వరుస చదవడానికి ఈల మేడమ్ ముందుకు రాలేదు. “మేడమ్, ఇది మీది,” అని పిల్లలు కాగితం నా చేతికిచ్చారు. ఆచారం ఆచారమే. పైకి చదివాను: “కోచ్, లెక్కల మేడమ్. హాకీ రాదు, కుడి ఎడమలు తెలియవు. పిల్లల్ని మాత్రం మధ్యలో వదిలిపెట్టరు.”

నేను కూడా చదివాకే ఏడ్చాను.

శుక్రవారం ఉదయం ఫారం మీద సంతకం చేశాను. గడులన్నీ రెండేసిసార్లు చూసుకున్నాను. జట్టు ఆడుతుంది. కప్పు సంగతి నేనిప్పుడే చెప్పలేను గానీ, సెంటర్ హాఫ్ నిలబడటం మానింది, గోల్‌కీపర్ నిన్న ఒక కన్ను తెరిచింది.

మేడమ్! మైదానంలో అరిగిన మీ మోకాళ్లకు ఇకనైనా విశ్రాంతి దొరకాలని, మీ శ్రీవారికి సాయంత్రం కాఫీ మీతో కలిసి తాగే యోగం కలగాలని, తొంభై దాటిన అత్తగారి ఆరోగ్యమూ గొంతూ మీకు కూడా వారసత్వంగా అబ్బి మీరు నిండు నూరేళ్లు హాయిగా జీవించాలని మా అందరి ఆకాంక్ష. తొలి మ్యాచ్‌కి అత్తగారి కుర్చీ పక్కన మీకో కుర్చీ వేయిస్తాను. తప్పక రండి. ఈల కోసం ఇంట్లో వెతక్కండి. మీరు నా బల్ల సొరుగులో వదిలి వెళ్లింది నా మెడలోనే ఉంది.