అక్క మాట

“ఆ కొస పట్టుకో అక్కా. ఊరికే నిలబడితే సూపర్‌వైజరు చూస్తాడు.”

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో, కోర్టు తీర్పు తర్వాత అక్కాచెల్లెళ్లు ఎదురెదురుగా నిలబడటం ఇదే మొదలు. పాపం, ఎవరి ఏడుపు వాళ్లది.

“పట్టుకున్నాను. ఇప్పుడైనా వింటావా?”

“వినడానికేముంది? నా మొగుణ్ణి చంపింది బావే. చూశాను, చెప్పాను. జడ్జి నమ్మాడు.”

“సోమవారం పైకోర్టులో అప్పీలు. అక్కడా ఓడిపోతే ఆయన బతుకంతా జైల్లోనే.”

“మీ వకీలున్నాడుగా.”

“చేతులెత్తేశాడే. ‘సొంత భర్తని చంపినవాణ్ణి వదిలేసి, ఏ భార్యైనా ఇంకొకరి పేరు చెబుతుందా’ అని తీర్పులో రాశారట. ఆ మాట దాటడం కష్టమన్నాడు.”

“నిజమేగా మరి.”

“మరి నా మాట? ఆయన ఇంట్లో నా పక్కనే ఉన్నాడని ఒట్టేసి చెప్పాను. భార్య కాబట్టి అలాగే చెబుతుందన్నారు. నువ్వూ పెళ్లానివే, నేనూ పెళ్లాన్నే. నీ మాట వేదవాక్కు, నా మాట నీటిమూటా!”

“గట్టిగా లాగకు, చిరుగుతుంది.”

“ఆ రాత్రి ఫోన్ చేసింది నువ్వే. పిల్లకి జ్వరమొస్తే ఆయన భుజానేసుకుని, ఆ గాడిద గొంతుతో జోలపాట పాడుతున్నాడు. విని నవ్వావు కూడా.”

“నవ్వానేమో. గుర్తులేదు.”

“ఊరికి ఆ కొసన మేము, ఈ కొసన మీరు. ఫోన్ పెట్టేసేసరికి రెక్కలు కట్టుకుని వచ్చి కొట్టాడా?”

“అవన్నీ నన్నడక్కు.”

“మొన్న, ఆ రాత్రిలాగే కరెంటు పోయినప్పుడు, మీ పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. నా చెయ్యే నాకు కనబడలేదు. నువ్వు కోర్టులో చెప్పిన రోడ్డు మీది బండి లైటు ఆ పెరటి గోడ దాటి రాదు. ఏ వెలుగులో చూశావే మొహం?”

“మొహం... చొక్కా చూశాను. రక్తంతో మురిక్కాలవలో దొరికింది బావ చొక్కాయేగా? ఆకుపచ్చ గళ్లది.”

“ఆయనదే. పొట్ట పెరిగి పట్టట్లేదని ఎప్పుడో ఇచ్చేశాను.”

“ఇదుగో, ఇంకో దుప్పటి అందుకో.”

“ఎవరికిచ్చావని అడగవేం?”

“అందుకో అక్కా.”

“అడగవేమే?”

“మెల్లగా! అందరూ వింటారు.”

“వకీలు అడిగితే గుర్తులేదన్నాను. మన తమ్ముడికిచ్చానని చెబితే వాడు పోతాడు, చెప్పకపోతే ఆయన పోతాడు. పడుకున్నా లేచినా ఇద్దర్నీ తూకం వేస్తున్నానే, పాపిష్టిదాన్ని!”

“వాడి పేరెత్తకు. నీ కాళ్లు పట్టుకుంటాను.”

“నేనే పట్టుకుంటాను నీ కాళ్లు. ఎవరి పేరూ చెప్పొద్దు. చీకట్లో సరిగ్గా కనబడలేదని ఒక్క మాట రాసివ్వు. జడ్జీలకి అనుమానం పుడితే చాలన్నాడు వకీలు.”

“బావ కాదంటే మరెవరని తవ్వరా? తవ్వితే వాడు దొరికిపోడా?”

“అంటే... నీకు తెలుసు.”

“నేనేమన్నాను ఇప్పుడు?”

“దుప్పటి వదిలెయ్. ఇటు చూడు. నీకు తెలుసు!”

“ఫోన్లో ఎవడితో నవ్వుతున్నావని మా ఆయన మొదలుపెట్టాడక్కా ఆ రోజు. జుట్టు పట్టుకుని పెరట్లోకి ఈడ్చి, తల గోడకేసి బాదుతున్నాడు. అప్పుడే తమ్ముడొచ్చాడు. చేతికి ఇనపరాడ్డు దొరికింది. చంపాలని కాదక్కా, వాడు నన్ను విడిపించాలని...”

“మరి నా మొగుడేం చేశాడే నిన్ను? నువ్వు దెబ్బలు తిన్నప్పుడల్లా ఇదే ఆసుపత్రికి మోసుకొచ్చింది ఆయన కాదూ? తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినట్టు, పోయి పోయి ఆయన పేరే దొరికిందా నీకు?”

“పోలీసులు ఆ చొక్కా ముందర పడేసి, ఎవరిదన్నారు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి. ఏ పాపం ఎరుగనివాడు, తేలిగ్గా బయటపడేవాడు ఎవరా అని వెతుక్కున్నాను. బావ పాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆయన నీ పక్కనే ఉన్నాడని నాకు తెలుసు. నువ్వొచ్చి చెబుతావనీ తెలుసు. నీ మాట నమ్ముతారనుకున్నానక్కా.”